కారుకు జ్వరం

బళ్లన్నీ తమ రోగం తామే చెప్పుకొనే కాలమది. కడియంలో పూలమొక్కలమ్మే సూరమ్మ గారి పాత డీజిల్ కారు తెల్లవారుతూనే మూలుగు మొదలుపెట్టింది.

"పొగగొట్టం ఏడువందల డిగ్రీలుందండీ. ఇక కదల్లేను. తుక్కులారీకి కబురెట్టాను, వచ్చి తీసుకెళ్లిపోతుంది."

అలాంటి బండి మళ్లీ కొందామన్నా దొరకదు. సూరమ్మ పరుగున వెళ్లి మెకానిక్ గవర్రాజును లాక్కొచ్చింది.

"బండే చెప్పాక నేనేం సెయ్యనండీ?" అన్నాడతను.

"నిన్నట్నుంచి తాళమే తిప్పలేదయ్యా, వేడెక్కడిది?"

అంటూనే ఆవిడ వంగి, అట్లపెనం మీద చిలకరించినట్టు పొగగొట్టం మీద నీళ్లు చిలకరించింది. చుయ్యిమనలేదు. గవర్రాజు అరచెయ్యి ఆనించాడు.

"సల్లగా ఉందే!"

"మీ చెయ్యే చెడిపోయుంటుంది, చూపించుకోండి," అంది కారు.

"చెడింది నీ వేడి చూసే సెన్సరే తల్లీ," అంటూ దాన్ని ఊడదీసి, కొత్తది బిగించాడు. "ఇప్పుడు చెప్పు!"

"ముప్ఫైయొకటి," అని గొణిగింది కారు.

అంతలో తుక్కులారీ వచ్చి ఆగింది. "ఎవరికండీ బాగోలేనిది?"

కారు గబుక్కున మూలుగు ఆపేసింది.

"ఇక్కడెవరూ లేరండీ," అంది. "పక్కవీధేమో చూడండి."