శివరామకృష్ణ గాలం

“వచ్చే ఆదివారం నేనూ మీతో పడవెక్కుతానండీ” అంది చాముండేశ్వరి, చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తూ.

శివరామకృష్ణకు గుండె జారిపోయింది.

శంషాబాద్ విమానాశ్రయంలో, సరుకుల విభాగంలో అతనిది మంచి ఉద్యోగం. అక్కడ అతని మాటకు తిరుగులేదు. చిక్కంతా అత్తవారితోనే. వాళ్లది కొల్లేటి ఒడ్డు. పెళ్లి పందిట్లో బావమరుదులు ఏకమై, “బావగారికి గాలానికి ఎర గుచ్చడం కూడా రాదట” అని నలుగురిలో నవ్వారు. అందరితోపాటు కొత్త పెళ్లికూతురూ నవ్వింది. ఆ నవ్వు అతను మర్చిపోలేదు.

అందుకే శంషాబాద్‌లో కాపురం పెట్టగానే సింగపూర్ నుంచి గాలం తెప్పించుకున్నాడు. ఎరగా రబ్బరు కప్పలు కొన్నాడు. నెత్తిన టోపీ పెట్టాడు. మహేశ్వరం దారిలో చిన్న చెరువొకటి, అందులో కాపలా కాసే ఈశ్వరయ్య రేకు పడవ ఒకటి చూసుకున్నాడు. ఆదివారం వస్తే చాలు, ఎండ నడినెత్తికి ఎక్కేదాకా గాలం విసరడమే పని. తుంగ తగిలేది. ఓసారి తన టోపీయే తగిలింది. చేప మాత్రం తగిలిన పాపాన పోలేదు.

అయినా ఏనాడూ వట్టి చేతులతో ఇంటికి రాలేదు. ఒడ్డున నీళ్లలో ముంచి ఉంచిన వలసంచిలోంచి ఈశ్వరయ్య ఓ కొరమీను తీసి ఇచ్చేవాడు.

“పైసలొద్దు సారూ, ఈ కొర్రమట్ట తీస్కపో” అనేవాడు, ఎంత ఇవ్వబోయినా.

ఎంత మంచి మనిషో అనుకునేవాడు శివరామకృష్ణ.

ఇంటికొచ్చాక ఆ చేప తనతో ఎలా పోరాడిందో చెప్పేవాడు. వారం వారం పోరాటం పెరిగేది. చాముండేశ్వరి చెంపకు చెయ్యి ఆనించుకుని వినేది. “మా వాళ్లు చూడాలండీ మిమ్మల్ని” అనేది. ఆ ఒక్క మాట కోసం అతను వారమంతా ఎదురుచూసేవాడు.

ఇప్పుడది కాస్తా పోయేలా ఉంది.

“ఎండలో నీకెందుకు? అసలే డాబా మీద వడియాలు పెట్టీ పెట్టీ నల్లబడ్డావు” అన్నాడు.

“ఒక్కసారి మీరు పట్టడం చూడాలని ఉంది.”

ఇక కాదనలేకపోయాడు.

శనివారం వెళ్లి ఈశ్వరయ్యను బతిమాలాడు. “మా ఆవిడ ముందు పరువు పోయేలా ఉంది. నువ్వే కాపాడాలి.”

“గింత దానికి పరేషానెందుకు సారూ?” అన్నాడు ఈశ్వరయ్య. “నీ గాలం తుంగల కట్టి ఉంచుత. కొసకు కొర్రమట్ట ఉంటది. నిన్ననే ఏసిపెట్టిన అని అక్కకు చెప్పు. ఇగ గుంజుడే.”

ఆదివారం ఈశ్వరయ్య ఆవిడకు ఎంతో మర్యాదగా నమస్తే పెట్టాడు. చాముండేశ్వరి కొంగు బొడ్లో దోపుకుని పడవెక్కింది. పడవ ఇసుమంతైనా ఊగలేదు. శివరామకృష్ణ ఎక్కినప్పుడు మాత్రం ఈశ్వరయ్య దాన్ని రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది.

తుంగ దగ్గరికి చేరాక, “నిన్ననే వేసి పెట్టాను” అంటూ గాలం అందుకున్నాడు. అవతల కొరమీను ఒక్క గుంజు గుంజింది. అతనెప్పుడూ ఎరగని గుంజు అది. కంగారులో లేచి నిలబడ్డాడు. పడవ ఒరిగింది.

“కూర్చోండి. దారం వదలండి. దాన్ని అలిసిపోనివ్వండి” అంది చాముండేశ్వరి. “ఊఁ, ఇప్పుడు చుట్టండి.”

చెప్పినట్టే చేశాడు. మోచేతంత కొరమీను పడవలో పడి కొట్టుకుంది. ఎవరు తగిలించినా లాగింది మాత్రం తనే. శివరామకృష్ణకు నిజంగానే ఒళ్లు పులకరించింది.

“నీకివన్నీ ఎలా తెలుసు?”

“చిన్నప్పుడు మా నాన్న పట్టేవారు కదండీ” అంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. తనను ఆవిడ అంత సంబరంగా చూడటం అతనికి గుర్తు లేదు.

ఒడ్డుకు రాగానే, బావమరుదులకు ఈ కబురు చెప్పాలని ఫోన్ పట్టుకుని, సిగ్నల్ కోసం కట్ట మీదికి పరుగెత్తాడు.

కట్ట మీద అతని గొంతు లేవగానే ఈశ్వరయ్య చాముండేశ్వరి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: “నువ్వు పట్టిపెట్టిన చేపలు ఒడిసినయక్కా, సంచి ఖాళీ అయింది, వచ్చే ఐతారం సారుకియ్యాలంటే ఆయన డ్యూటీకి పోంగనే నువ్వొచ్చి మల్ల గాలమెయ్యాలె.”