మొదటి పేజీ

"ఏయ్ నిరోషా, గీ బ్రాకెట్లు సుత కొట్టాల్నా, వద్దా?"

పక్క కంప్యూటర్ ముందు కూర్చున్న శ్రేయ గుసగుసగా అడిగింది. వికారాబాద్ కంప్యూటర్ సెంటర్‌లో ఉద్యోగానికి పరీక్ష నడుస్తోంది. ఉన్నది ఒక్కటే ఖాళీ. పుస్తకం చూసి రాయొచ్చన్నారు కాబట్టి, తాండూరులో కలిసి కంప్యూటర్ కోర్సు చదివిన ఈ ఇద్దరి ముందూ ఒకే పుస్తకం తెరిచి ఉంది. అందులో "ప్రింట్ <పేరు>" అని ఉంది. ప్రశ్నేమో, నిఖిల్ అనే పేరును తెర మీద చూపించమని.

నిరోషాకు జవాబు తెలుసు. ఆ బ్రాకెట్లు టైపు చేయడానికి కాదు, ఇక్కడ నీకు కావలసిన పేరు రాసుకో అని చెప్పడానికి. ఏ గుర్తుకు ఏ అర్థమన్నది పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. బ్యాచ్ మొత్తంలో నిరోషా తప్ప ఇంకెవరూ ఆ పేజీ చదివిన పాపాన పోలేదు.

శ్రేయ మంచి పిల్లే. తన టిఫిన్ డబ్బాలో సగం రోజూ నిరోషాకే పెట్టేది. కానీ వాళ్ల నాన్న సుధాకర్‌కు కోట్‌పల్లి ప్రాజెక్టు కింద నీళ్లు పారే పొలం ఉంది. ఈ ఉద్యోగం రాకపోతే ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు. నిరోషా తల్లి భాగమ్మ సంగతి వేరు. నాపరాళ్ల పాలిషింగ్ దగ్గర దుమ్ము మింగీ మింగీ నాలుగు మాటలు దగ్గకుండా మాట్లాడలేకపోతోంది. ఉద్యోగం వస్తే ఆమెను పని మాన్పించవచ్చు. రాకపోతే రేపు మళ్లీ ఆ దుమ్ములోకే పంపాలి.

"కొట్టాలె. పుస్తకంల ఎట్లున్నదో గట్లనే," అంది నిరోషా, తల తిప్పకుండా.

"థాంక్సే!"

 నిరోషా తన జవాబు మాత్రం బ్రాకెట్లు లేకుండానే కొట్టింది.

మధ్యాహ్నానికల్లా ఫలితం వచ్చింది. ఉద్యోగం శ్రేయకు. మిగతా జవాబులన్నీ ఇద్దరివీ ఒప్పే, నిరోషాకు ఆ ఒక్క ప్రశ్నే తప్పన్నది కంప్యూటర్.

నిరోషా పుస్తకం పట్టుకుని సెంటర్ నడిపే మల్లేశ్వర్ గదిలోకి పరుగెత్తింది.

"సార్, నాదే కరెక్టు. బ్రాకెట్లు ఉండొద్దు!"

"ఉండాలె బిడ్డా. కంప్యూటర్ల జవాబులన్నీ నేనే ఎక్కించిన. పుస్తకం ముంగట పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు."

"మొదటి పేజీ చదివిండ్రా సార్?"

"మొదటి పేజీలకెళ్లి ప్రశ్నలు రావు కదా!"

నిరోషా ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. మల్లేశ్వర్ చదివాడు. మళ్లీ చదివాడు. ముఖం పాలిపోయింది. "అయ్యో, ఎంత పని చేసిన! జర ఆగు, ఫికర్ చెయ్యకు. హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేసి మార్పిస్త."

నిరోషాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "యేసయ్య చూస్తడులే బిడ్డా" అని పొద్దున రైలెక్కించేటప్పుడు తల్లి అన్న మాట గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో తలుపు తోసుకుని శ్రేయ వచ్చింది. వస్తూనే వెనక నుంచి నిరోషాను గట్టిగా వాటేసుకుంది.

మల్లేశ్వర్ నంబరు నొక్కబోతూ ఆగాడు. "ఏమ్మా శ్రేయా, నువ్వు బ్రాకెట్లు పెట్టినవ్ కదా. ఆఫీసోళ్లు అడుగుతరు. ఎందుకు పెట్టినవ్?"

"నేనైతే తీసేద్దామనుకున్న సార్," శ్రేయ నిండుగా నవ్వింది. "పెట్టాలె అని చెప్పింది మా నిరోషానే!"