ఫిర్యాదుల తాత

ఆ మంగళవారం కూడా ముసలాయనే ముందు లోపలికి వెళ్లాడు.

ఆయన వెనక వరసలో పదకొండుమంది సైనికులు కూర్చుని ఉన్నారు. అందరూ కుర్రవాళ్లే. కొందరికి ఒక కాలు లేదు. ఇద్దరికి రెండూ లేవు.

తెర్నోపిల్ ఊరి చివర ఉన్న ఆ సైనిక ఆసుపత్రిలో కృత్రిమ కాళ్లు అమర్చే గది ఒక్కటే. అమర్చే మనిషి కూడా జోర్యానా ఒక్కతే. ముసలాయన లోపలికి వెళ్తే గంటన్నర దాకా తలుపు తెరుచుకోదు.

ఆయన పేరు పనాస్. వయసు అరవై నాలుగు. కుడికాలు తొడ మధ్య వరకే ఉంది. ఎప్పుడో ఇక్కడి కుర్రవాళ్లను పంపిన అఫ్ఘానిస్తాన్ యుద్ధంలో పోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

లోపలినుంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉండేది. తొడుగు అంచు ఒరుసుకుంటోందట. మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి ముడుచుకుపోతోందట. బురదలో పాదం మాట వినడం లేదట. వారానికో కాలు తగిలించుకుని వెళ్లడం, పై వారం వంకలు పెట్టి తిరిగి ఇచ్చేయడం. ఏడాదిన్నరగా ఇదే వరస.

సైనికులు ఆయనకు ఫిర్యాదుల తాత అని పేరు పెట్టారు.

బయటికొచ్చాక సంచిలోంచి గసగసాల రొట్టె తీసి అందరికీ తుంచి పెట్టేవాడు. లెవ్కో మాత్రం ముట్టుకునేవాడు కాదు.

లెవ్కో సార్జంటు. మందుపాతరలు తీసే దళంలో పనిచేస్తూ ఎడమకాలు పోగొట్టుకున్నాడు. ఆ పని కొత్తవాళ్లకు నేర్పే బడిలో అతని కోసం ఒక చోటు ఖాళీగా ఉంచారు. కానీ మార్చి నెలలో వైద్యుల ఎదుట రెండు కిలోమీటర్లు నడవాలి, నాలుగంతస్తులు ఎక్కి దిగాలి. లేకపోతే సైన్యం ఇంటికి పంపేస్తుంది. మొదట పెట్టిన పాతరకం కాలు తొడంతా పుండు చేసి నెలరోజులు మంచాన పడేసింది.

ఆ రోజు అతను ఇక ఉండబట్టలేకపోయాడు.

“తాతా, నీ యుద్ధం అయిపోయి నలభై ఏళ్లయింది. మాది ఇంకా నడుస్తోంది. కాస్త దారివ్వొచ్చుగా.”

ముసలాయన గోడ పట్టుకుని ఆగాడు. తొడ దగ్గర ప్యాంటు తడిసి నల్లగా ఉంది.

“నిజమే సార్జంటూ. ఇంకో రెండు మంగళవారాలు ఓర్చుకో.”

“ఆ తర్వాత? ఒలింపిక్స్‌కి వెళ్తావా?”

అందరూ నవ్వారు. ముసలాయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

లెవ్కోకు కోపం తగ్గలేదు. సైనికుల సమయమంతా ఒక ముసలాయనే తినేస్తున్నాడని పెద్ద డాక్టరుకు కాగితం రాసిచ్చాడు. డాక్టరు చదివి, మడిచి సొరుగులో పెట్టాడు.

రెండు మంగళవారాలు గడిచాయి. మూడో మంగళవారం ముసలాయన రాలేదు. తన కాగితం పనిచేసిందని లెవ్కో అనుకున్నాడు.

ఆ రోజే జోర్యానా అతనికి కొత్తరకం కాలు అమర్చింది.

అతను రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎక్కడా నొప్పి లేదు. మెట్ల దాకా వెళ్లాడు. ఒక మెట్టు దిగాడు. మోకాలు నిలబడింది. కింది అంతస్తు దాకా దిగి, మళ్లీ పైకొచ్చి, గోడకు మొహం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

మార్చిలో పరీక్ష నెగ్గాడు. ఆ సాయంత్రమే ట్యులిప్ పూలు కొనుక్కుని జోర్యానా దగ్గరికి వెళ్లాడు.

ఆమె తలకు నల్ల రుమాలు కట్టుకుంటోంది.

“ఆ పూలు నాక్కాదు. రేపు పనాస్ గారి దగ్గరికి పట్టుకెళ్దాం. మొన్న గుండె ఆగిపోయింది.”

లెవ్కోకు అర్థం కాలేదు. ఆమె కూర్చోబెట్టి చెప్పింది. కొత్తరకం కాలు తయారు చేస్తున్నప్పుడు దాన్ని పచ్చిగాయాల మీద పెట్టి చూడకూడదు. ఎప్పుడో మానిపోయి గట్టిపడిన తొడ కావాలి. పనాస్ ఆ సంగతి విని తనంతట తానే వచ్చాడు. పుండు పడేదాకా నడిచేవాడు, ఎక్కడ పడిందో చూపించేవాడు. అలా ముప్పై ఒక్క మార్పులు చేశారు.

“మాకెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దన్నారు. తెలిస్తే మీరు మొహమాటపడి మర్యాదలు చేస్తారట. తాను వంకలు పెట్టడానికి వచ్చారట, మర్యాదలకి కాదట.”

రుమాలు ముడి బిగించుకుంటూ ఆమే అంది.

“ఆఖరి మంగళవారం మోకాలు బాగుందన్నారు. ‘ముందు ఆ సార్జంటుకి పెట్టు, పాపం తొందరలో ఉన్నాడు’ అన్నారు. తన పాత కాలే తగిలించుకుని ఇంటికెళ్లిపోయారు.”

మర్నాడు, అప్పటికి అందరికీ అమర్చిన ఆ కొత్త కాళ్లతో పదకొండుమందీ యూనిఫారంలో పనాస్ ఊరికి వెళ్లారు. చర్చి నుంచి శ్మశానం కిలోమీటరు దూరం, అంతా ఎత్తు ఎక్కాలి. బండి పెట్టామని ఊరివాళ్లు చెప్పినా ఎవరూ ఎక్కలేదు. రెండు కాళ్లూ లేనివాళ్లు కూడా శవపేటిక వెనకే నడిచారు. దారి పొడుగునా ఊరివాళ్లు టోపీలు తీసి నిలబడ్డారు.

సమాధి దగ్గర పదకొండుమందీ వరసగా నిలబడి సెల్యూట్ చేశారు.

పనాస్ కూతురు ఒరిస్యా ఏడుపు ఆపి వాళ్లకేసి వింతగా చూసింది. లెవ్కో ఆమె దగ్గరికి వెళ్లాడు. శిలువ మీద చెక్కించడానికి, నాన్నగారు ఏ దళంలో పనిచేశారో చెప్పమని అడిగాడు.

“మా నాన్న ఏ దళంలోనూ లేడు బాబూ,” అందామె. “పంతొమ్మిదో ఏట చక్కెరదుంపల పొలంలో కోతయంత్రం కాలు లాగేస్తే, దేశసేవకు పనికిరాడని రాసి సైన్యం వాళ్లు వెనక్కి పంపేశారు.”