ఊరంతా చూడాలె

పరమేష్ బటన్ మళ్లీ నొక్కాడు. కారు టాప్ కదల్లేదు.

అంజిలయ్య ఇంటి ముందు టెంటు కింద కూర్చున్న వాళ్లంతా అటే చూస్తున్నారు. డప్పుల వాళ్లు గోడ నీడకు జరిగారు. బంతిపూల గంపలు కారు పక్కనే ఉన్నాయి. టాప్ తెరుచుకుంటే తప్ప పూలు కట్టడానికి లేదు. ఆదిభట్ల నుంచి అంజిలయ్య కూతురు అనురాధ ఆఫీసు స్నేహితులు కూడా వచ్చేశారు. పక్కింటి వాళ్లు అందరికీ చాయ్ పోస్తున్నారు. లోపల అప్పటికే పసుపునీళ్లు పోసి, పట్టుచీర కట్టి, బొట్టు పెట్టారట.

అది అరవైల నాటి అమెరికా కారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చి బొంగులూరు దగ్గర భూములకు రెక్కలొచ్చిన రోజుల్లో, అందరూ పొలాలమ్మి మేడలు కట్టుకుంటే పరమేష్ నగరంలో ఓ పాత బంగళాలో మూలనపడిన ఈ కారును తెచ్చుకున్నాడు. పిచ్చోడన్నారు. ఇప్పుడు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపంటే ఆ అన్నవాళ్లే దీన్ని పిలుస్తున్నారు. బటన్ నొక్కితే గుడ్డ టాప్ తనంతట తానే లేచి, మడతపడి, వెనక్కిపోయి పడుకుంటుంది. అది చూడ్డానికి వాడకట్టంతా పరుగెత్తుకొచ్చేది.

అందరికన్నా ముందు వచ్చేది అనురాధ. అప్పట్లో రెండు జడలు వేసుకుని బడికి పోయేది. పరమేష్ కారు తుడుస్తుంటే ముందు సీట్లో ఎక్కి కూర్చుని, బటన్ తనే నొక్కుతానని పేచీ పెట్టేది. చదువైపోయి ఉద్యోగం వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఒకసారి అట్లా కూర్చునే ఒక మాట అడిగింది.

"అన్నా, నేను ఈ ఇంట్ల నుంచి పొయ్యేనాడు ఈ కారే తేవాలె. మీద టాప్ ఉండొద్దు. ఊరంతా నన్ను చూడాలె."

"మరి వాన పడితే?"

"తడుస్త."

తెస్తానని పరమేష్ మాటిచ్చాడు. అందుకే పొద్దున అంజిలయ్య వచ్చి అడగకముందే కారు కడిగి పెట్టాడు. తీరా ఇంటిముందుకు తెచ్చాక ఇది మొరాయించింది.

హారన్ మోగింది. అంటే బ్యాటరీలో లోపం లేదు. ఫ్యూజు తీసి చూశాడు, కాలిపోలేదు. డిక్కీ తెరిచి, మోటారుకు పోయే వైర్లను ఒక్కొక్కటే పట్టి లాగి చూస్తే, బాడీకి బిగించిన వైరు తుప్పుపట్టి ఊగుతోంది. వానాకాలమంతా కారు షెడ్డులోనే ఉండిపోయింది మరి. తుప్పు గీకి, నట్టు బిగించి మళ్లీ బటన్ నొక్కాడు. మోటారు గుర్రుమంది. టాప్ ముందు అద్దం మీంచి జానెడు లేచి, ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది.

వంగి చూశాడు. టాప్‌ను ఎత్తడానికి రెండు పక్కలా ఆయిల్‌తో నడిచే సిలిండర్లుంటాయి. ఎడమవైపు దాని పైపు చిట్లి ఆయిల్ కారుతోంది. కుడి పక్క ఎత్తుతుంటే ఎడమ పక్క ఎత్తలేకపోతోంది. బలవంతం చేస్తే ఇనుప చట్రమే వంకర పోతుంది.

అనురాధ మేనమామ రమాకాంత్ దగ్గరికొచ్చాడు. అక్కడ అన్నీ సిద్ధం చేసి మనుషులు ఎదురుచూస్తున్నారని, పొద్దు గూకితే బాగుండదని, ఇంకో బండి మాట్లాడదామని అన్నాడు.

అంజిలయ్య తల అడ్డంగా ఊపాడు. "వద్దు బావా. అది నోరు తెరిచి అడిగింది గిదొక్కటే."

లోపల ఆడవాళ్ల ఏడుపు ఆగి ఆగి వినిపిస్తోంది. ఆడపిల్లను సాగనంపే ఇళ్లు పరమేష్ ఎన్నో చూశాడు. ఇట్లాంటి ఇల్లు చూడలేదు. చేతికంటిన ఆయిల్ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

అనురాధ తల్లి నర్సింహమ్మ గడప దాటి వచ్చింది. జుట్టు ముడి ఊడి భుజం మీద పడింది, ఆమెకు తెలియడం లేదు. కారు దగ్గర నిలబడి, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నది.

"జర నిమ్మళంగనే చెయ్యి బిడ్డా. నాకేం తొందర లేదు."

పరమేష్ తలెత్తలేకపోయాడు. టాప్ తెరుచుకున్న మరుక్షణం ఆ పిల్ల ఈ వాకిలి దాటిపోతుంది. తెరవకపోతే తను ఇచ్చిన మాట పోతుంది. పానా అందుకుని డిక్కీలోకి వంగాడు. సిలిండర్లకు ఆయిల్ తోసే పంపు దగ్గర రెండు పైపులూ విప్పేశాడు. మిగిలిన ఆయిల్ మట్టిలోకి పోయి సిలిండర్లు వదులయ్యాయి. ఇక బటన్‌తో పనిలేదు, చేతులతోనే ఎత్తాలి.

"కాకా, గా పక్క నువ్వు పట్టు. నాతోపాటే లేపాలె. ముందుకు గుంజకు."

అంజిలయ్య కండువా నడుముకు చుట్టి ఎడమవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లేపారు. చట్రం కీచుమంటూ మడతపడింది. టాప్ బరువుగా వెనక్కిపోయి కూర్చుంది. లోపలి ఎర్ర సీట్ల మీద ఎండ పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంజిలయ్య కండువా విప్పి, వెనక సీటు మీది దుమ్మంతా తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"చాలు కాకా," అన్నాడు పరమేష్.

ఆడవాళ్లు పూలదండలు కట్టారు. డప్పు మోగింది. పరమేష్ స్టీరింగ్ ముందు కూర్చుని వాకిలి వైపు చూశాడు.

నలుగురు అనురాధ పాడెను బయటికి మోసుకొచ్చారు.