వినే పద్ధతి

"సోమవారం నుంచి మీ మనవరాల్ని బడికి పంపనక్కర్లేదు," అంది మిస్ వెండ్లింగ్, కనీసం కూర్చోమని కూడా అనకుండా.

ఒడెల్లా నాలుగేళ్ల నైలాను దగ్గరికి లాక్కుంది. "ఏం చేసిందమ్మా? ఎవర్నైనా కొరికిందా?"

"నేను కథ చదువుతుంటే లేచి చప్పట్లు కొడుతోంది. 'చెప్పు టీచర్, చెప్పు!' అని ఒకటే అరుపులు. బొత్తిగా క్రమశిక్షణ లేదు."

ఆ తెల్లావిడ వెనక గోడకు ఫ్రేము కట్టిన పట్టా ఒకటి వేలాడుతోంది. నల్లజాతి పిల్లలకు వాళ్ల సంస్కృతిని గౌరవిస్తూ ఎలా చదువు చెప్పాలో రెండు రోజుల పాటు నేర్చుకుని వచ్చిందట. పక్కనే ఆఫ్రికా డోలు బొమ్మ. డోలు గోడ మీదుంటే సంస్కృతి, పిల్ల చప్పట్లు కొడితే అల్లరి! సిగ్గుండాలి.

"అది మా నల్లవాళ్ల చర్చిలో వినే పద్ధతి తల్లీ," అంది ఒడెల్లా. "పాస్టరు బాగా చెబుతుంటే మేమూ 'చెప్పు, చెప్పు' అంటాం. నీ కథ దానికి నచ్చింది. సంతోషించు."

"నచ్చకపోతే ఏమంటారో!"

"చెప్పేవాళ్లు తడబడుతుంటే వేరే మాట ఉందిలే. వినే రోజు వస్తే నీకే తెలుస్తుంది."

"నా బడిలో మంచి పిల్లలు చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని వింటారు. ఇక వెళ్లండి."

అమెరికాలోని ఆ మెంఫిస్ ఊళ్లో బడి నడిచేది ఒడెల్లా వాళ్ల చర్చి కింది హాల్లోనే. వచ్చే ఏడాదీ హాలు కావాలంటే, మిస్ వెండ్లింగ్ ఆదివారం చర్చి సంఘం ముందు నిలబడి అడగాలి. జనం ఆమెన్ అంటే సరే. లేదంటే ఆ పట్టా, డోలు బొమ్మా సర్దుకోవాల్సిందే.

ఆదివారం ఆఫ్రికా రంగుల గుడ్డ ఒకటి మెడకు చుట్టుకుని మరీ వచ్చింది మిస్ వెండ్లింగ్. వేషానికేం తక్కువ లేదు.

"మీ పిల్లల సంస్కృతే నా ప్రాణం!" అని చేతులు చాచి ఆగింది, ఆమెన్ కోసం.

ఒక్కరూ కిక్కురుమనలేదు. ప్రతి ఆదివారం పైకప్పు అదిరేలా కేకలేసే జనం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"వాళ్ల గొంతుని... అంటే, ఆ గొంతుని నేను..." ఆవిడ మెడలోని గుడ్డ సర్దుకుంది. "ఏంటండీ, ఎవరూ ఏమీ అనరేంటి?"

"మంచి పిల్లల్లా వింటున్నామమ్మా," అంది ముందు వరసలోంచి ఒడెల్లా తాపీగా. "కానివ్వు."

మిస్ వెండ్లింగ్ మళ్లీ నోరు తెరిచింది. "మీ పిల్లల ప్రాణమే నా సంస్కృతి... కాదు, కాదు..."

నైలాకి పాపం జాలేసింది. అమ్మమ్మ చెయ్యి విడిపించుకుని, బెంచీ ఎక్కి, వాళ్ల చర్చిలో ఉన్న ఆ వేరే మాటను గొంతు చించుకుని అరిచింది:

"ప్రభువా, ఈవిడకి సాయం చెయ్యి!"