పళ్లెంలో గుంటలు

చదువు నాకు ముసలితనంలో అబ్బింది. రాతలో తప్పులుంటే మన్నించండి.

“ఈ రెండు గుంటలేమిటి మాగలీ? పలకలు బిగించింది నువ్వేగా? రేపట్నుంచి పనిలోకి రాకు!” అబ్జర్వేటరీ డైరెక్టర్ ఎవారిస్తో అరిచాడు.

ఎదుట తెరమీద రేడియో తరంగాలతో తీసిన హోలోగ్రామ్ ఉంది. అందులో, పలకలు జోడించి చేసిన రేడియో టెలిస్కోపు పళ్లెం మీది వెంట్రుకవాసి సొట్ట కూడా కనబడుతుంది.

మాగలీ తెరమీద వేలు పెట్టి చూపింది. “పక్కపక్కనే ఉన్నాయి, చూడండి సార్. మొన్న మంత్రిగారు అక్కడే నిలబడి ఫొటో దిగారు. నేను వద్దంటున్నా మీరే ఎక్కించారు.”

ఎవారిస్తో గొంతు తగ్గింది. “మంత్రిగారి అడుగులా? ముందే చెప్పొద్దూ!”

“సరిచేసేస్తాను సార్.”

“పిచ్చిదానా, ఆయన అడుగు తప్పెలా అవుతుంది? మిగతా పళ్లేన్నే ఆ లోతుకు దించు.”

మాగలీ ఉద్యోగం నిలిచింది. బాగున్న పలకలను పాడుచేయడానికి రెంచి పట్టుకుని నిచ్చెన ఎక్కింది.

— ఎర్మీనియా చోకే, డెబ్బైమూడేళ్లు, ప్రస్తుతం కలామా, చిలీ