సూది మోపే చోటు

అంబులెన్స్ కేంద్రంలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి.

సిస్టమ్స్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి చూసింది. కాల్స్ అందుకుని రికార్డు చేసే వర్చువల్ మెషీన్‌లో డిస్కు నిండిపోయింది.

"ఆ మెషీన్ ఎక్కడుందమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"పెద్ద సర్వర్ కడుపులో. చేత్తో ముట్టుకోలేం."

"కనపడని మెషీనుకి ఇంత జబ్బా!"

"జోకులాపి పెద్ద ఆఫీసర్ని పిలుచుకురా. ఫోనెత్తడం లేదు!"

వాచ్‌మన్ పరుగెత్తాడు.

ఎక్కడ ఎవరి ప్రాణం కొట్టుకుంటోందో! ఆమె సర్వర్ నుంచి డిస్కు రెట్టింపు చేసింది. లోపల మెషీన్ మాత్రం పాత సైజే చూపిస్తోంది. కొత్త చోటు కలుపుకోవాలంటే ముందు దానికి లోపల రవ్వంత ఖాళీ కావాలి. సూది మోపే చోటు లేదు.

"ఏదో ఒకటి తుడిచెయ్యరాదూ?"

వెనక బల్ల మీద, వెలిసిన చొక్కాలో ఒక పెద్దాయన.

"ఫిర్యాదైతే రేపు రండి!" అని కసిరింది.

"ఫిర్యాదు కాదమ్మా."

"ఈ ఏడాది రికార్డులు సిస్టమ్ తుడవనివ్వదు. పాతది ఒక్కటే ఫోల్డరుంది. 'ఉంచండి' అని ఎవరో రాసిపెట్టి చచ్చారు. కాపీ తీద్దామంటే పైవాళ్ళ అనుమతి కావాలి!"

పెద్దాయన లేచొచ్చి తెర మీది తేదీ చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"తీసెయ్యమ్మా."

"మీదేం పోయింది? ఊడేది నా ఉద్యోగం!"

"ఎవరూ అడగరు. నేను చెబుతున్నాగా. అవతల ఎవరో ఫోను చెవిన పెట్టుకుని అల్లాడుతుంటారు."

ఆమె నొక్కింది.

కొత్త చోటు కలిసింది. ఒక ఫోను మోగింది. వెంటనే ఇంకో నాలుగు.

"చెప్పమ్మా... ఊపిరి ఆడుతోందా? కంగారుపడకు, బండి బయల్దేరింది!" అంటోంది పక్క సీట్లో ఆపరేటర్.

అమ్మాయి వెనక్కి తిరిగింది. బల్ల ఖాళీగా ఉంది.

వాచ్‌మన్ రొప్పుతూ ఒక్కడే వచ్చాడు. "ఆఫీసరు దొరకలేదమ్మా."

"పర్లే, అయిపోయింది. ఇక్కడో సలహాలరావు కూచున్నాడే, ఎటుపోయాడు?"

"మెట్ల దగ్గర ఎదురొచ్చాడు. ఇక బుధవారాలు రానన్నాడు."

"ప్రతి వారం వస్తాడా? ఎవరాయన?"

"వాళ్ళావిడ ఆఖరి ఫోను తుడవొద్దని అందర్నీ బతిమాలి, వారానికోసారి వచ్చి ఆవిడ గొంతు విని వెళ్ళేది ఆయనేనమ్మా."